బేడీలు ఇప్పిన హుడిని, కాయితాలు దాసిన హుడిని

హుడిని పేరు ఇననోళ్లు తక్కువ. ఫోన్ల రీల్స్ తిప్పుతుంటే ఎన్నడో ఒకనాడు కనవడ్తడు. చేతులకు బేడీలు, కాళ్లకు బొండ, తల కిందికి కాళ్లు మీదికి ఏలాడుకుంట నీళ్ల పెట్టెల మునిగి, చూసెటోళ్ల పానం గొంతులకొచ్చినంక బయటికొచ్చే మనిషి. సచ్చిపోయి వందేండ్లు కావస్తున్నా మ్యాజిక్ అనంగనే ఆయన పేరే యాదికొస్తది. గని ఆ మనిషి బతుకుల ఇంకో సగం ఉన్నది. దాన్ని ఎవ్వరూ రీల్ చెయ్యరు. అండ్ల దుంకుడు లేదు, మునుగుడు లేదు. పాత కరపత్రాలు, చిరిగిన పోస్టర్లు, చెదలు పట్టిన పుస్తకాలు, సచ్చిపోయిన గారడోళ్ల సందుగలు, గంతే.

మంత్రాలు చేస్తున్నరన్న అనుమానంతోని ముసలోళ్లను కొట్టిసంపే ఊర్లు మనయి. ఆ ఊర్లల్ల నిమ్మకాయ కోసి చూపిచ్చుకుంట తిరిగెటోన్ని నేను. మందార పువ్వు రసం రాసిన కత్తితోని నిమ్మకాయ కోస్తే ఎర్రగ కారుతది, అది నెత్తురు గాదని చెప్పుకుంట తిరుగుతుంట. గందుకే హుడిని రెండో సగమే నాకు పెద్దగ కనవడ్తది. ఆ ముచ్చట ఇయ్యాల మీకు మొదట్నుంచి చెప్తా.

వలసొచ్చిన పిలగాడు

1874 మార్చి 24న హంగరీ దేశం బుడాపెస్ట్ పట్నంల పుట్టిండు. అసలు పేరు ఎరిక్ వైస్. యూదుల ఇల్లు. నాయిన మేయర్ శామ్యూల్ వైస్ రబ్బీ, అంటే వాళ్ల మత గురువు. బతుకుదెరువు కోసం నాయిన ముందుగాల అమెరికా పోయిండు. 1878ల అమ్మ సిసిలియా పిల్లలను ఎంటేసుకొని ఓడెక్కింది. విస్కాన్సిన్ రాష్ట్రంల ఆపిల్టన్ అనే చిన్న ఊరు. కొన్నేండ్లకే ఆడి యూదులు పెద్దాయనను కొలువుల నుంచి తీసేసిండ్రు. ఆయనకు ఇంగ్లిష్ రాదు, కొత్త దేశపు పద్ధతి రాదు. కుటుంబం మిల్వాకీకి పోయింది. అక్కడ ఆకలి, కిరాయి కట్టలేక ఇండ్లు మారుడు. పిలగాడు పేపర్లు అమ్మిండు, బూట్లు తుడిచిండు. ఆఖరికి న్యూయార్క్ జేరి టైలు తయారుచేసే కార్ఖానల బట్ట కత్తిరించే పనికి కుదిరిండు. పెద్ద సదువు లేదు. దుబాయ్‌కి, బొంబాయికి, భీవండికి పోయిన ఇండ్లల్ల పుట్టిన మీకు ఈ కథ కొత్తగాదు.

తర్వాత పేరొచ్చినంక ఆయన తను ఆపిల్టన్‌లనే పుట్టిన్నని చెప్పుకున్నడు. వలసొచ్చినోడని తక్కువ చేస్తరని కావచ్చు. పుట్టిన ఊరు దాసుకోవాల్సిన బతుకు ఎట్లుంటదో పట్నంల కిరాయి ఇల్లు దేవులాడినోళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

కార్ఖానల పనిచేసే రోజుల్లనే ఒక పుస్తకం చేతికొచ్చింది. ఫ్రాన్స్ దేశపు గారడి మొనగాడు రాబర్ట్ హుడిన్ రాసుకున్న జీవిత కథ. రాబర్ట్ హుడిన్ అసలుకు గడియారాలు బాగుచేసెటోడు. బజార్ల ఆడే గారడిని తెచ్చి, మంచి బట్టలేసుకొని థియేటర్‌ల ఆడినోడు. పుస్తకం చదివిన పిలగానికి కండ్లు తెరుచుకున్నయి. ఆ పేరు ఆఖర్న ఒక అక్షరం కలిపి హుడిని అని పెట్టుకున్నడు. అట్ల జేస్తే హుడిన్ లెక్కటోడు అని అర్థమొస్తదని ఎవరో దోస్తు చెప్పిండట.

పేరు పెట్టుకుంటే అన్నం దొరకది. 1894ల బెస్ అనే అమ్మాయిని పెండ్లి చేసుకున్నడు. ఆమె క్యాతలిక్, ఈయన యూదు. ఇద్దరు కలిసి పైసకు పైస లెక్కన చూపెట్టే చిన్న చిన్న ఆటల కొట్లల్ల, సర్కస్ల, మందులమ్మే బండ్ల ఎనుక తిరిగిండ్రు. దినాం పదిసార్లకు మించి ఆడిన రోజులున్నయి. 1898 చుట్టుపట్ల కాన్సాస్ వైపు ఒక మందుల కంపెనీతోని తిరిగేటప్పుడు ఇంకో పని సుత చేసిండు. సచ్చినోళ్ల ఆత్మలతోని మాట్లాడుత అని ఆట పెట్టిండు. ఆటకు ముందుగాల ఊరి స్మశానానికి పోయి గోరీల మీద పేర్లు, తారీఖులు రాసుకునెటోడు. ఊర్లె ఎవరింట్ల ఏమైందో ఆరా తీసెటోడు. రాత్రి స్టేజీ మీద ఆ పేర్లు చెప్తుంటే జనం ఏడ్సెటోళ్లు. ఆ ఏడుపు చూసినంక ఆ పని ఇడిసిపెట్టిండు. గని ఆ ఇకమతు ఎట్ల నడుస్తదో లోపలినుంచి చూసిండు. ఇది యాది పెట్టుకోండ్రి, ముంగట పనికొస్తది.

1899ల మార్టిన్ బెక్ అనే థియేటర్ల యజమాని ఆయన బేడీల ఆట చూసి, చిల్లర గారడీలన్నీ బంద్ పెట్టి బేడీల మీదనే ఉండుమన్నడు. 1900ల ఇంగ్లండ్ పోయిండు. జర్మనీ, రష్యా తిరిగిండు. పోలీసోళ్ల బేడీలు పోలీసోళ్ల ముంగటనే ఇప్పుకున్నడు. 1908ల పాలక్యాన్‌ల నుంచి బయటవడే ఆట తెచ్చిండు, 1912ల నీళ్ల పెట్టె ఆట తెచ్చిండు. ఈ సంగతులన్నీ మీకు రీల్స్‌ల దొరుకుతయి. నేను ఆడ ఆగ.

చెత్తల పడేసేటివి ఎందుకు కొన్నడు?

పైసలొచ్చుడు మొదలైనంక 1904ల న్యూయార్క్ హార్లెంల నాలుగంతస్తుల ఇల్లు కొన్నడు. ఆ ఇంట్ల మనుషుల కన్న కాయితాలే ఎక్కువ జాగ ఆక్రమించినయి. ఏ దేశం పోయినా పొద్దంతా పాత పుస్తకాల దుకాణాలు తిరుగుడు, రాత్రి ఆట ఆడుడు. గారడోళ్ల ఉత్తరాలు, టికెట్లు, బొమ్మలు, కరపత్రాలు, సామాన్లు. ఏదైనా సరే కొని పెట్టెలకెత్తి ఓడల మీద ఇంటికి తోలిచ్చుడు. తర్వాత వాటిని వరుసల పెట్టనీకి ఆల్ఫ్రెడ్ బెక్స్ అనే పెద్దమనిషిని ఇంట్లనే లైబ్రేరియన్‌గ పెట్టుకున్నడు.

ఇంతకూ ఒక పాత కరపత్రంల ఏముంటది? మన ఊర్లకు సర్కస్ వస్తే ఆటోల మైకు పెట్టి ఇసిరేసే రంగు కాయితం లెక్కటిదే. ఇయ్యాల రాత్రి ఫలానా తావున ఫలానా మనిషి ఫలానా ఆట ఆడ్తడు, టికెట్ గింత అని ఉంటది. చదివినోడు పడేస్తడు. పోస్టర్‌నైతే గోడకు అతికిస్తరు, వాన పడంగనే పోతది. దాసిపెట్టాలని ఎవ్వడూ అచ్చు కొట్టడు. గందుకే అది దొరుకుడు కష్టం. గని దొరికిందంటే అండ్ల తారీఖు ఉంటది, ఊరు ఉంటది, ఆట పేరు ఉంటది. ఏ ఆట ఎవలు ఏనాడు ఆడిండ్రో చెప్పే సాక్ష్యం అది. గారడోడు నోటితోని ఎన్ని కోతలు కోసినా ఆ కాయితం ముంగట నిలవయి. హుడినికి ఈ ఇగురం దొరికింది.

1904ల లండన్‌ల ఉన్నప్పుడు జ్వరంతోని పండుకున్నడు. హెన్రీ ఈవాన్యన్ అనే ముసలాయన కలువనీకి వచ్చిండు. ఒకప్పుడు రాజుగారి ఇండ్లల్ల సుత గారడి ఆడినోడు. ఆనాటికి బీదోడైపోయిండు. బట్టలు మాసి ఉండేసరికి హోటల్ నౌకర్లు లోపటికి తోలలేదు. గంటల తరబడి కింద కూసున్నడు, సంకల ఒక మూట పట్టుకొని. ఆఖరికి హుడిని కిందికొచ్చిండు. మూట ఇప్పంగనే జ్వరం సంగతే మరిచిండు. ఎన్నడో సచ్చిపోయిన గారడోళ్ల కరపత్రాలు, మళ్ల అచ్చుగానియి. అయిన తెల్లారి డాక్టర్ మాట ఇనకుంట ముసలాయన ఉండే నేలమాళిగ ఇంటికి పోయి రాత్రి దాకా ఆ కాయితాల మధ్యల కూసున్నడు.

ఈవాన్యన్ పిలగాడుగున్నప్పటినుంచి జమ చేసిండు ఆ కాయితాలన్నీ. తిండికి లేక 1895ల కొంత భాగం బ్రిటిష్ మ్యూజియంకు అమ్ముకున్నడు. ఇయ్యాల అవి బ్రిటిష్ లైబ్రరీల ఉన్నయి. మిగిలినయి చానా మట్టుకు హుడినికి జేరినయి. 1905ల గొంతు క్యాన్సర్‌తోని లాంబెత్‌ల బీదోళ్ల దవాఖానల సచ్చిపోయిండు. ఒక బీద గారడోడు తన పొట్ట మాడ్చుకొని దాసిన కాయితాలు లేకుంటే ఇంగ్లండ్ దేశానికి తన గారడి చరిత్రల సగం తెల్వకపోవు.

దానికి ఏడాది ముంగట ముచ్చట ఇంకోటి. విల్యాల్బా ఫ్రికెల్ అనే జర్మనీ గారడోడు. పెద్ద పెద్ద డబ్బాలు, పరదాలు లేకుంట వట్టి చేతులతోని ఆడినోడు. ఎప్పుడో ఆట మానేసి డ్రెస్డెన్ దగ్గర ఒక పల్లెల తలుపులేసుకొని ఉన్నడు. ఎనభై దాటినయి. హుడిని పోతే కలువనన్నడు. ఇడువకుండ ఉత్తరాలు రాసిండు, కానుకలు పంపిండు. ఆఖరికి ముసలాయన మనసు కరిగింది. 1903 అక్టోబర్ 8న రమ్మన్నడు. మధ్యాహ్నం రెండింటికి హుడిని పోయేసరికి ఇంట్ల పీనుగ ఉన్నది. వచ్చే దోస్తుకు చూపెట్టాలని తన పతకాలు, పాత పేపర్ ముక్కలు తీసి పెట్టుకొని, మంచి బట్టలేసుకొని ఎదురుచూసుకుంటనే గుండె ఆగి సచ్చిపోయిండు. రెండు గంటల ముంగట. ఆ ఇంట్ల హుడిని పీనుగ పక్కన ఆ పతకాల ముంగట నిలవడ్డడు.

రెండు గంటల్ల ఒక మనిషి బతుకు మొత్తం పోతది. మన దిక్కు ఏటా ఎంతమంది పోతున్నరో లెక్క లేదు.

సచ్చిన గారడోళ్ల గోరీలను సుత హుడిని ఇడిసిపెట్టలే. ఏ ఊరు పోయినా అడుక్కుంట పోయి చూసెటోడు. ఇటలీల పుట్టి యూరపంతా తిరిగిన బార్తొలోమియో బోస్కో సమాధి డ్రెస్డెన్‌ల దిక్కులేకుండ పడివుంటే తన పైసలతోని ఆ జాగ కొని, అమెరికా గారడోళ్ల సంఘం పేరు మీద రాసిచ్చిండు. ఆ సంఘానికి 1917 నుంచి సచ్చేదాకా అధ్యక్షుడు ఆయనే.

కాయితం కత్తి లెక్కటిది

గీడ ఆయన తప్పు సుత చెప్పాలె. పేరు పెట్టుకున్న గురువు రాబర్ట్ హుడిన్ ఊరు బ్లోయికి పోయి, ఆయన కోడల్ని కలువనీకి కబురు పెట్టిండు. ఆమె కలువనన్నది. ఆ మంట కడుపుల పడ్డది. కొన్నేండ్లు కాయితాలు తిరగేసి 1908ల ఆ గురువునే ఎండగడుతూ పుస్తకం అచ్చేసిండు. నేనే కనిపెట్టిన్నని రాబర్ట్ హుడిన్ చెప్పుకున్న ఆటలు అంతకుముందే వేరేటోళ్లు ఆడిండ్రని కరపత్రాలు పక్కపక్కన పెట్టి చూపిచ్చిండు. అండ్ల నిజముంది. గని పుస్తకం నిండ కోపమే. గురువుకు ఏ తెలివీ లేనట్టు రాసిండు. అది అన్యాయమని తర్వాతి చరిత్రకారులు తేల్చిండ్రు. సాక్ష్యం చేతిల ఉన్నంత మాత్రాన తీర్పు న్యాయంగ ఉంటదని నమ్మకం లేదు. సోషల్ మీడియాల ఒక స్క్రీన్‌షాట్ పట్టుకొని మనిషి బతుకు మొత్తం బొంద పెట్టే మనకు ఇది అక్కరకొచ్చే పాఠం.

ఆ తగాదల మన దక్షిణ దేశం సుత ఉన్నది. రాబర్ట్ హుడిన్‌కు పేరు తెచ్చిన ఆటల్ల ఒకటి, 1847ల కొడుకును ఒక కర్ర ఆసరతోని గాలిల పండవెట్టుడు. మత్తుమందు ఈథర్ మహిమ అని జనానికి చెప్పెటోడు. గని 1830 చుట్టుపట్ల మద్రాసుల శేషల్ అనే బ్రాహ్మడు ఒక చెయ్యి కర్ర మీద ఆనిచ్చి గాలిల కూసునేటోడని అప్పటి ఇంగ్లిష్ పత్రికలు బొమ్మతోని సహా అచ్చేసినయి. కూసునేముందు, దిగేముందు మనుషులు చుట్టూ దుప్పటి పట్టెటోళ్లు. చేతి కింద కర్రల నుంచి, చొక్కా చేతిల నుంచి ఇనుప కడ్డీ లోపలికి పోయి నడుము కింద పీట లెక్క నిలవడ్తది. దుప్పటి ఎందుకో ఇప్పుడు సమజయిందా?

మద్రాసు వైపు నుంచి లండన్ పోయిన ఇంకో మనిషి రామో సామీ. మన రామస్వామి పేరే ఆడోళ్ల నోట్ల అట్ల తిరిగింది. 1810ల నుంచి అక్కడ ఆడిండు. కత్తి మింగుడు, గోళీలాట, పూసలు ఒక దిక్కు, గుర్రం ఎంటిక ఒక దిక్కు నోట్లె ఏసుకొని దండగ గుచ్చి తీసుడు. ఊరూరా ఆయన పోస్టర్లు ఏసిండ్రు. 1850ల సచ్చిపోతే బొంద పెట్టనీకి పైసల్లేక పెండ్లాం పేపర్ల సాయమడిగింది. హుడిని జీవితమంతా ఆడిన ఆటల్ల ఒకటి సూదులు, దారం మింగి, దారానికి గుచ్చిన సూదులను నోట్లెనుంచి గజాల పొడుగు తీసుడు. దానికి ఆయన పెట్టుకున్న పేరు ఈస్ట్ ఇండియా సూదులాట. మనోళ్ల కళ అట్ల ప్రపంచం తిరిగింది. మనోళ్ల పేరు మాత్రం ఎవడో ఇంగ్లండోడు దాసిన కరపత్రంల దొరుకుతది.

రాబర్ట్ హుడిన్ మీద నాకు వేరే గుస్సా ఉన్నది. 1856ల ఫ్రాన్స్ సర్కారు ఆయనను అల్జీరియాకు తోలింది. ఆడి జనం మత పెద్దల మాట ఇని తిరగబడతరన్న భయంతోని, ఫ్రెంచోళ్ల మహిమ అంతకన్న పెద్దదని చూపెట్టనీకి. ఒక చిన్న పెట్టెను పిలగాడు ఎత్తుతడు, పహిల్వాన్ ఎత్తలేడు. పెట్టె అడుగున ఇనుము, నేల కింద కరెంటు అయస్కాంతం. జనానికి తెల్వని సైన్స్‌ను జనాన్ని అణగదొక్కనీకి వాడిండ్రు. కనికట్టు ఎవరి చేతిల ఉన్నది, ఎవరి కోసం ఉన్నది అన్నదే అసలు సవాల్.

అమ్మ పేరు మీద వచ్చిన ఉత్తరం

ఆ సవాల్‌కు హుడిని తన ఆఖరి ఐదారేండ్లల్ల జవాబు ఇచ్చిండు.

1913ల ఆయన యూరప్‌ల ఉన్నప్పుడు అమ్మ సిసిలియా సచ్చిపోయింది. ఆ దుఃఖం నుంచి ఎన్నడూ తేరుకోలే. తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం. లక్షల ఇండ్లల్ల కొడుకులు పోయిండ్రు. తల్లిదండ్రులకు ఒక్కసారి మాట వినవడితే సాలు. ఆత్మలను పిలుస్తమనేటోళ్లకు గిరాకి పెరిగింది. చీకటి రూముల టేబుల్ కదులుడు, బాకా మాట్లాడుడు, తెల్ల బట్ట తేలుడు. షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన ఆర్థర్ కోనన్ డాయిల్ సుత గట్టిగ నమ్మిండు. ఆయన, హుడిని దోస్తులు. 1922ల అట్లాంటిక్ సిటీల డాయిల్ భార్య పెన్ను పట్టుకొని, హుడిని అమ్మ ఆత్మ రాపిస్తున్నదని కాయితాల మీద కాయితాలు రాసింది. మొదట్ల శిలువ గుర్తు పెట్టి, మంచి ఇంగ్లిష్‌ల. హుడిని అమ్మ యూదు, శిలువ పెట్టది. ఆమెకు ఇంగ్లిష్ సరిగ్గ రాదు. ఆ రోజు ఆమె పుట్టిన రోజు, ఆ ముచ్చట ఉత్తరంల లేదు. ఆ దోస్తీ ఆడితోని చెడిపోయింది.

ఇగ మొదలువెట్టిండు. ఇంట్ల ఉన్న కాయితాలన్నీ ఆయుధాలైనయి. యాభై ఏండ్ల కింద ఏ ఆత్మలోడు ఏ ఇకమతు చేసి పట్టువడ్డడో ఆ పుస్తకాల్ల ఉన్నది. కొత్తోళ్లు అదే ఇకమతు కొత్త పేరుతోని చేస్తున్నరు. పాతది తెల్సినోడే కొత్తదాన్ని పట్టుకుంటడు. కాన్సాస్‌ల గోరీల మీద పేర్లు రాసుకున్న అనుభవం ఉండనే ఉండె. రోజ్ మాకెన్‌బర్గ్ అనే ధైర్యమున్న అమ్మాయి ఆయన గూఢచారి. వేషం మార్చుకొని, విధవ లెక్కనో, పల్లెటూరి టీచర్ లెక్కనో ముందుగాల ఆ ఊర్లకు పోయి ఆత్మలోళ్లకు పైసలిచ్చి మోసమేందో రాసుకొచ్చేది. పెండ్లిగాని ఆమెకు సచ్చిన మొగుడు, పిల్లలు ఉన్నరని, వాళ్లతోని మాట్లాడిపిచ్చిన మహానుభావులున్నరు. తర్వాత హుడిని స్టేజీ ఎక్కి పేర్లతోని సహా చెప్పెటోడు.

1924ల బోస్టన్‌ల మార్జరీ అనే పేరుతోని మీనా క్రాండన్ అనే డాక్టర్ భార్య ఆత్మలను పిలుస్తున్నదని పెద్ద లొల్లి. సైంటిఫిక్ అమెరికన్ పత్రిక నిజమైన శక్తి చూపెట్టినోళ్లకు 2,500 డాలర్లు ఇస్తమన్నది. కమిటీల ప్రొఫెసర్లు ఉన్నరు, కొందరు నమ్మే దాకా వచ్చిండ్రు. హుడిని చీకట్ల ఆమె కాలు పక్కన తన కాలు పెట్టి కూసున్నడు. ఆమె కాలు మెల్లగ జరిగి టేబుల్ కింద గంట డబ్బాను తాకుడు చర్మంతోని పసిగట్టిండు. బహుమతి రాలేదు. సదువుకున్నోళ్లను మోసం చేసుడు సులువు. ఎందుకంటే ప్రయోగశాలల రాయి, రసాయనం అబద్ధమాడయి, మనిషి ఆడుతడు. గారడోన్ని మోసం చేసుడే కష్టం.

1926ల వాషింగ్టన్‌ల పైసలు తీసుకొని జోస్యం చెప్పుడును ఆపే బిల్లు కోసం అమెరికా కాంగ్రెస్ కమిటీ ముంగట సాక్ష్యమిచ్చిండు. ఆత్మలోళ్లు వచ్చి లొల్లి చేసిండ్రు. బిల్లు పాస్ కాలేదు. మహారాష్ట్రల నరేంద్ర దభోల్కర్ ఏండ్ల తరబడి కొట్లాడితే, 2013 ఆగస్టు 20న ఆయనను పుణెల కాల్చి సంపినంక గాని చట్టం రాలేదు. కర్ణాటక 2017ల తెచ్చింది. మూఢనమ్మకాల మీద చట్టమంటే ఎక్కడైనా ఇట్లనే సతాయిస్తది.

ఆ ఏడాది అక్టోబర్‌ల మాంట్రియల్‌ల ఆట ముందు రూంల ఒక విద్యార్థి, పొట్ట మీద గుద్దు తట్టుకుంటవా అని అడుగుడు, సంభాళించుకోకముందే గుద్దుడు అయింది. అపెండిక్స్ పలిగి లోపల చీము పట్టింది. గుద్దుతోనే పలిగిందా, ముందే చెడిపోయి ఉన్నదా అని ఇప్పటికీ వాదనలున్నయి. కడుపునొప్పితోనే డెట్రాయిట్ పోయి స్టేజీ ఎక్కిండు. 1926 అక్టోబర్ 31న దవాఖానల సచ్చిపోయిండు. 52 ఏండ్లు. అమ్మ రాసిన ఉత్తరాలు తల కింద పెట్టి బొంద పెట్టిండ్రు. ఆత్మ అనేది ఉంటే తనకు కబురు పెట్టుమని బెస్‌తోని రహస్య మాట అనుకొని ఉండె. ఆమె పదేండ్లు ఏటా చూసింది. 1936ల ఇగ రాదని దీపం ఆర్పేసింది.

కాయితాలు ఏడికి పోయినయి, సామాన్లు ఏడికి పోయినయి?

గారడి, ఆత్మల మోసాల మీద ఆయన జమ చేసిన పుస్తకాలను అమెరికా దేశపు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు రాసిచ్చిండు. 1927ల 3,988 పుస్తకాలు జేరినయి. ఇయ్యాల ఎవరైనా పోయి చదువుకోవచ్చు. నాటకాల కాయితాలు చేతులు మారి ఆఖరికి టెక్సాస్ యూనివర్సిటీకి పోయినయి.

ఆట సామాన్లు తమ్ముడు హార్డీన్‌కు. తమ్ముడు సచ్చినంక కాలవెట్టాలని రాసిండంటరు. తమ్ముడు 1945ల సచ్చేముందు సిడ్నీ రాడ్నర్ అనే యువ గారడోనికి అమ్మిండు. నీళ్ల పెట్టె నయాగరా పక్కన ఒక మ్యూజియంల ఉండి 1995ల మంటల్ల కాలింది. మళ్ల బాగుచేసి 2004ల వేలం వెడితే మ్యాజిక్ ఆటగాడు డేవిడ్ కాపర్‌ఫీల్డ్ 3 లక్షల డాలర్లకు కొన్నడు. లాస్ వేగాస్‌ల ఆయన సొంత మ్యూజియం ఉన్నది. హుడిని పోస్టర్లు దొరికితే ఇప్పుడు బంగారం లెక్క అమ్ముడుపోతయి. గోడకు అతికించి వానల తడిపిన కాయితం, పైసలున్నోళ్ల గోడకు అద్దం ఎనుక జేరింది.

నాకు మాత్రం నీళ్ల పెట్టె కన్న ఆ 3,988 పుస్తకాలే పెద్దగ కనవడ్తయి. పెట్టె ఒక్కని ఇంట్ల ఉన్నది, పుస్తకాలు జనం ఇంట్ల ఉన్నయి. గారడి పుస్తకాలు జమ చేసెటోళ్లు అన్నిటికన్న విలువ ఇచ్చే పాత పుస్తకాల్ల ఒకటి 1584ల ఇంగ్లండ్‌ల రెజినాల్డ్ స్కాట్ అచ్చేసింది. ఆ కాలంల మంత్రగత్తెలని చెప్పి బీద ముసలవ్వలను ఉరి తీసెటోళ్లు. స్కాట్ ఏం చేసిండంటే, బజార్ల గారడోళ్లు పైసలు మాయం చేసేది ఎట్ల, తల నరికినట్టు చూపెట్టేది ఎట్ల అని బొమ్మలేసి ఇప్పి చెప్పిండు. దయ్యం లేదు, చేతివాటం ఉన్నది, ఆ ముసలవ్వను ఇడిసిపెట్టుండ్రి అని అండ్ల సారం. ఇంగ్లిష్‌ల గారడి రహస్యాల మీద వచ్చిన మొదటి పుస్తకం మనుషుల పానాలు కాపాడనీకి పుట్టింది. నాలుగు వందల ఏండ్లు దాటినా మన ఊర్లల్ల బాణామతి పేరు మీద ఇంకా పండ్లు పీకుతున్నరు, పానాలు తీస్తున్నరు.

మన దిక్కు గారడి లేదా? పద్మశాలీల ఇండ్ల ముంగట తరతరాలుగ ఇంద్రజాలం ఆడి, వాళ్ల మీద ఆధారపడి బతికిన సాధనాశూరులు ఉన్నరు. తెలుగు నేల మీద విప్రవినోదులు ఉన్నరు. సంతల, జాతరల గుడ్డ పరిచి డమరుకం కొట్టి మోడి ఆడిన గారడోళ్లు ఉన్నరు. వాళ్లు పొట్టకోసం ఆడిండ్రు, ఇది ఆట అని చెప్పి మరీ ఆడిండ్రు. దేవుని పేరు చెప్పి అరచేతిల ఇబూది రాల్చి ఆశ్రమాలు కట్టలేదు. కులం తక్కువని, అడుక్కునెటోళ్లని మనం ఆ కళనే లెక్కల కట్టలే. వాళ్ల గంపలు, గిన్నెలు, బుర్రలు, సందుగలు పాత సామాన్లోనికి పోతున్నయి. మన దగ్గర ఈవాన్యన్ లేడు. ఉన్నడేమో, ఏ హోటల్ కిందనో మూట పట్టుకొని కూసున్నడేమో, మనం లోపటికి తోలలేదు.

గందుకే తమ్ముళ్లారా, చెల్లెండ్లారా, చేతిల ఫోన్ ఉన్నది. మీ మండలంల ఒక్క ముసలి గారడోన్ని దేవులాడుండ్రి. ఆయన ఒప్పుకుంటే ఆయన పేరు, ఊరు, గురువు పేరు, ఆటల పేర్లు రికార్డ్ చెయ్యుండ్రి. ఆయన వాడిన సామాను ఫొటో తియ్యుండ్రి. తారీఖు రాయుండ్రి, తారీఖు లేని కాయితం సగం సాక్ష్యమే. జాతర కరపత్రం, సర్కస్ టికెట్, గోడ మీది పాత పోస్టర్ దొరికితే మడత పెట్టకుండ పుస్తకంల పెట్టుండ్రి. మీ ఊరి గ్రంథాలయానికి ఒక కాపీ ఇయ్యుండ్రి. ఒకటే షరతు. పొట్టకోసం ఆడెటోని రహస్యం లైకుల కోసం బజారుకీడ్వొద్దు, అది ఆయన అన్నం. దేవుని పేరు మీద, దయ్యం పేరు మీద జనాన్ని దోసుకునెటోని రహస్యమైతే నడిబజార్ల ఇప్పుండ్రి. ఈ రెండింటికి నడుమ గీత ఏడున్నదో హుడిని బతికి చూపిచ్చిండు.

ఫ్రికెల్ ఇంటికి ఆయన రెండు గంటలు లేటుగ పోయిండు. మీ మండలంల ఉన్న ఆ ముసలాయన దగ్గరికి ఈ ఆదివారమే పోండ్రి.